దారం రెండో కొస

మా సర్జరీలో, ఈ ఇంగ్లండులో డాక్టరు క్లినిక్‌ను అలాగే అంటారు, నోటీసు బోర్డు నా చేతిలో ఉంటుంది. ఫ్లూ ఇంజెక్షన్ల కాగితం ఎక్కడ పెట్టాలి, మోకాళ్ళ నొప్పుల క్లాసు కాగితం ఎప్పుడు పీకెయ్యాలి, అన్నీ నేనే చూసుకుంటాను. రిసెప్షన్లో పదకొండేళ్ళ నుంచి కూర్చుంటున్నాను కాబట్టి ఆపాటి అధికారం ఇచ్చారు. మే నెలలో ఒక సోమవారం పొద్దున ఎవరో ఒక రంగుల కాగితం కౌంటర్ మీద పెట్టి, కాస్త బోర్డు మీద పెట్టమని చెప్పి వెళ్ళిపోయారు. పిన్ను తీసుకుని లేచాను. గుచ్చబోతూ చూశాను.

పైన గెన్‌లా ఫొటో. కింద ఒక బుద్ధుడి బొమ్మ, గీతలు మాత్రమే, రంగులు మనం నింపుకోవాలి. మధ్యలో పెద్ద అక్షరాలతో: టిబెట్ చిత్రకళా గురువు స్మృతిలో, ప్రాచీన కళ పరిరక్షణ కోసం, తొంభై నిమిషాల్లో మీ సొంత థాంకా వేసుకుని ఇంటికి తీసుకెళ్ళండి, పెన్నులూ టీ బిస్కెట్లూ ఉచితం.

ఒళ్ళు మండిపోయింది. థాంకా అంటే టిబెట్ వాళ్ళు గుడ్డ మీద వేసే దేవుడి పటం. దాని ముఖం ఒక్కటి సరిగ్గా గీయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. తొంభై నిమిషాలట! దోసెల పిండి కూడా పులవదు. పైగా ఆ బొమ్మలో తల పెద్దది. ఎంత పెద్దదో కొలవకుండానే చెప్పగలను, సరిగ్గా అరవేలు, అంటే వేలి వెడల్పులో సగం. ఎలా చెప్పగలనో ఇప్పుడే అడక్కండి, అది నా పరువుకు సంబంధించిన సంగతి, దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

గెన్‌లా అంటే వాళ్ళ భాషలో మాస్టారుగారు అని. ఆయన అసలు పేరు నాకు తెలుసు కానీ రాయను. తను వేసిన ఏ బొమ్మ మీదా పేరు పెట్టుకోని మనిషి ఆయన. ఆ కాగితం మీద మాత్రం ఆయన పేరు బుద్ధుడి కంటే పెద్దగా ఉంది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది కళ మీద ప్రేమతో అని చెబితే అబద్ధం. పిల్లవాడు నార్తాంప్టన్‌లో ఉద్యోగంలో చేరాడు, శనివారాలు ఖాళీ అయ్యాయి, ఖాళీగా ఉంటే నేను వంటింటి అరలన్నీ కిందకి దించి సర్దుతాను. మా ఆయన అది భరించలేక, "ఏదో ఒక క్లాసుకు పోరాదా" అన్నారు. హేస్ స్టేషన్ దగ్గర కమ్యూనిటీ హాల్లో ఉచితంగా టిబెట్ బొమ్మలు నేర్పుతున్నారని లైబ్రరీలో చూశాను. ఒక ట్రస్ట్ వాళ్ళు పెట్టిన క్లాసు. అంతరించిపోతున్న కళకు కొత్త చిత్రకారులను తయారుచేస్తామని రాసుకున్నారు. మొదటి రోజు పదిహేడు మందిమి వచ్చాము.

హాలు మధ్యలో ఒక బల్ల, బల్ల వెనక ఒక పొట్టి ముసలాయన. నిమ్మపండు రంగు స్వెట్టరు, దాని మీద రెండు జింకలు. ముందు నల్లరంగు పూసిన చెక్కపలకలు దొంతరగా ఉన్నాయి, మన చిన్నప్పటి పలకలే, కాకపోతే నాలుగింతలు పెద్దవి. జేబులోంచి చిన్న గుడ్డసంచీ తీశారు. దాన్నిండా సుద్దపొడి, అందులోంచి పొడుగాటి దారం. దారం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఎవరైనా పట్టుకోండి అన్నట్టు చాచారు. ఎవరూ కదల్లేదు. ఈ దేశంలో ముందుగా కదలడం మర్యాద కాదు. నేను లేచి పట్టుకున్నాను.

పట్టుకోవడం నాకు తెలుసు. మా నాన్న అనంతపురంలో బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టు, సైకిల్ షాపు, ఎలక్షన్లొస్తే గోడలు. అక్షరాలు వంకర పోకుండా ముందు గీతలు కొట్టుకోవాలి. దానికి సుద్ద అద్దిన దారం బిగించి, మధ్యలో వేళ్ళతో లాగి వదలాలి. రెండో కొసకు మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. ఆరేళ్ళ నుంచి పెళ్ళయ్యేదాకా నేనే. "గట్టిగా పట్టుకో పాపా, లూజు వదిలితే రెండు గీతలు పడతాయి, చెరిపేకి నా పాణం పోతాది" అనేవాడు నాన్న. కాబట్టి గెన్‌లా చాచిన కొసను బొటనవేలి గోటి కింద బిగించి, పలక అంచుకు ఆనించి, మోచెయ్యి ఒంటికి అదుముకుని పట్టుకున్నాను. ఆయన దారం లాగి వదిలారు. టప్ మని ఒకే గీత, వెంట్రుకంత సన్నగా పడింది.

ఆయన గీతను చూశారు. నా బొటనవేలిని చూశారు. తర్వాత నా ముఖంలోకి చూసి, తెలుగులో, "ఏ ఊరమ్మా?" అన్నారు.

లండన్ పొలిమేరలో, మంగోలియా వాళ్ళలాంటి ముఖంతో, జింకల స్వెట్టరు వేసుకున్న మనిషి ఏ ఊరమ్మా అంటున్నాడు! అనంతపురం అన్నాను.

"గడియారం దగ్గర. మూడు చలి. స్వెట్టర్ అమ్మినాను" అన్నారు.

టిబెట్ నుంచి తల్లి వీపు మీద వచ్చి, కర్ణాటకలో క్యాంపులో పెరిగి, చలికాలాల్లో మన ఊళ్ళకొచ్చి ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మిన వాళ్ళలో ఆయనొకరు. మిగతా కాలమంతా తన గురువు దగ్గర బొమ్మలు. ఆయనకొచ్చిన తెలుగంతా ఆ మూడు చలికాలాల్లో బేరాలాడే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. లూజు, టైటు, సైజు, సరుకు బాగుంటే మంచి మాల్, రంగు పోదు, ఒకటే రేటు. దానికి కాస్త కన్నడం, కాస్త హిందీ కలిపి నాకు బొమ్మలు నేర్పారు. ఇంగ్లీషు ఆయనకు ఇంకా తక్కువ. మా అమ్మ కూడా అక్కడే మెరూన్ స్వెట్టరు కొన్నదని నేను సంబరంగా చెబితే, "అందరూ మెరూనే కొంటారు" అని కొట్టిపారేశారు. అమ్ముడుపోని నిమ్మరంగువి ఆయనకే మిగిలాయి కాబోలు.

ఆయన పాఠం ఇంతే. దారంతో గళ్ళు కొట్టాలి. ఆ గళ్ళలో బుద్ధుడి ముఖం సుద్దముక్కతో గీయాలి. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అన్నిటికీ కొలతలున్నాయి, వేళ్ళ లెక్కలో. ఆయన వచ్చి చూస్తారు. తడిగుడ్డతో తుడిచేస్తారు. మళ్ళీ. బాగున్నా తుడిచేస్తారు, బాగా లేకపోయినా తుడిచేస్తారు. నాలుగో వారం నేనే విసుక్కుని, ముక్కు కొంచెం పొడుగైతే ఏమవుతుంది, మన దేవుళ్ళకు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకుంటారు కదా అన్నాను.

"ఒకటే రేటమ్మా" అన్నారు, గళ్ళ వైపు చెయ్యి చూపించి.

చెయ్యి అంటే వేలు కాదు. బొమ్మను ఆయన ఎప్పుడూ వేలితో చూపించలేదు. అరచెయ్యి పైకి తిప్పి, పెద్దవాళ్ళకు కుర్చీ చూపించినట్టు చూపించేవారు. సుద్ద గీతలైనా సరే, రెండు నిమిషాల్లో తుడిచేసేదైనా సరే. పలకను నేల మీద పెట్టనిచ్చేవారు కాదు. తుడిచిన గుడ్డను బకెట్లో పిండి, ఆ తెల్లనీళ్ళను సింకులో పొయ్యనిచ్చేవారు కాదు. కారు పార్కింగు పక్కన ఒక ఎండిపోయిన గులాబీ పొద ఉండేది, దాని మొదట్లో పోసేవారు. అందులో ముఖం ఉంది కదా అనేవారు. వాన కురుస్తున్నా గొడుగేసుకుని వెళ్ళి పోసి వచ్చేవారు. సుద్దనీళ్ళకు ఆ పొద బాగుపడలేదు, అది వేరే సంగతి.

వచ్చిన వాళ్ళంతా ఆయన్ని కళ్ళ గురించే అడిగేవారు. కళ్ళు చివర్లో వేస్తారట కదా, అప్పుడు బొమ్మకు ప్రాణం వస్తుందట కదా అని. ఎక్కడో చదువుకొచ్చేవారు. ఆయన ముఖం చిట్లించుకునేవారు. "కళ్ళు లాస్ట్. ముందు జిగురు" అనేవారు. రంగుల్లో కలిపే తోలుజిగురు ఆయనే చిన్న కరెంటు పొయ్యి మీద కాచేవారు. చుక్క తీసి చెయ్యి వెనక రాసుకుని, ఆరనిచ్చి, పిడికిలి బిగించి చూసేవారు. చిట్లితే ఎక్కువైనట్టు, పొడి రాలితే తక్కువైనట్టు. మేమెవ్వరమూ ఇంకా రంగుల దాకా రాలేదు. అయినా ప్రతి శనివారం ఆ కాచడం చూడాల్సిందే. ఆ వాసన పక్క గదిలో యోగా చేసేవాళ్ళకు పడక కంప్లైంటు ఇచ్చారు. ప్రాణాయామానికి ఇబ్బందట. ట్రస్ట్ నుంచి ఈమెయిల్ వచ్చింది, దయచేసి వాసన లేని పద్ధతిలో నేర్పగలరా అని.

ఆ ఈమెయిల్ రాసింది ఫియోనా. ట్రస్ట్ తరఫున మా క్లాసు చూసుకునే మేనేజరు. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నా పని సులువయ్యేది, తిట్టి ఊరుకునేదాన్ని. మూడు నెలలకొకసారి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో అని ఫొటో తీసుకుని వెళ్ళేది. ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఒకసారి ఆరబెట్టిన పలకల మీదుగా కాలు దాటించి నడిచింది. ఆమె వెళ్ళాక గెన్‌లా ఆ పలకలు ఒక్కొక్కటే తీసి నుదుటికి ఆనించుకుని మళ్ళీ పెట్టారు. నేను కుతకుతలాడిపోయాను. ఆయనకు కోపం రాలేదా అని అడిగితే, "ఆమెకి సైజు తెలీదు" అన్నారు.

పదిహేడు మందిమి తొమ్మిది మందిమయ్యాము. తొమ్మిది మందిమి నలుగురమయ్యాము. ఆర్నెల్లుగా ముఖమే గీస్తున్నాం, ఇంటికి తీసుకెళ్ళి గోడకు తగిలించుకోవడానికి ఒక్క కాగితం లేదు, ఎవరుంటారు! వాళ్ళను నేను తప్పుపట్టను. తప్పు నాది ఒకటుంది, ఇక దాచి లాభం లేదు.

మూడో నెలలో నేను మొదటిసారి ముఖం, మెడ, భుజాలు, పూర్తి కూర్చున్న బుద్ధుణ్ణి గీశాను. ఆయన గీయమనలేదు. నాకే చెయ్యి ఊరింది. ఎంత ముద్దుగా వచ్చిందో! గెన్‌లా జిగురు దగ్గర ఉన్నారు. చూస్తే తుడిచేస్తారని తెలుసు. గబుక్కున ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాను, దొంగతనంగా. తర్వాత ఆయన వచ్చి చూసి, తల దగ్గర అరచెయ్యి చాచి, "తల పెద్దది. అరవేలు" అన్నారు. ఎందుకు పెద్దదయిందో నాకప్పుడే తెలిసింది. మా నాన్న బోర్డుల్లో పై వరస అక్షరాలు కాస్త పెద్దగా రాసేవాడు. కింద నిలబడి చూసే వాడికి పైన ఉన్నవి చిన్నగా కనిపిస్తాయి కాబట్టి. ఆ లెక్క నా చేతిలో ఉండిపోయింది. సైకిల్ షాపు బోర్డు రాసినట్టు బుద్ధుణ్ణి రాశాను. గెన్‌లాకు చెబితే పగలబడి నవ్వారు, నవ్వుతూనే తుడిచేశారు. నీళ్ళు పొదకు పోశాము. నా ఫోన్లో ఫొటో ఉండిపోయింది.

ఏడాది చివర ఫియోనా వచ్చింది. ఎగ్జిబిషన్ పెట్టాలి, విద్యార్థుల బొమ్మలు కావాలి అంది. గెన్‌లా పలకలు చూపించారు. అన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"బొమ్మలు ఎక్కడ?" అని అడిగింది.

నేను అనువాదం చేశాను. గెన్‌లా కిటికీలోంచి గులాబీ పొద వైపు అరచెయ్యి చూపించారు. ఫియోనా నా వైపు తిరిగి, "ఏడాది డబ్బులిచ్చిన వాళ్ళకు నేనేం చూపించాలి? ఏమీ లేదంటే క్లాసు మూసేస్తారు, నా చేతుల్లో ఉండదు" అంది. నిజంగానే బాధపడుతూ అంది.

క్లాసు మూసేస్తారు అన్న మాట నా చెవిలో పడింది, అంతే. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ ఫొటో ఆమెకు పంపించాను. ఇది ఒక నమూనా, ఏదో ఒకటి చూపించండి అని రాశాను. క్లాసు నిలబెడుతున్నాననుకున్నాను. మనసులో మూల ఇంకొకటి కూడా ఉంది, చెప్పేస్తాను: తుడవకుండా మిగిలిన నా బొమ్మను నలుగురూ చూడాలని.

ఎగ్జిబిషన్ రోజు గోడ నిండా నా బుద్ధుడే. కంప్యూటర్లో గీతలు శుభ్రం చేయించి, ప్రింటు తీసి, ఎక్కడెక్కడి వాళ్ళతోనో రంగులు వేయించి, ఇరవై నాలుగు ఫ్రేములు కట్టించారు. గులాబీ బుద్ధుడు, నీలం బుద్ధుడు, మెరుపుల బుద్ధుడు. ప్రతిదాని కింద గెన్‌లా మార్గదర్శకత్వంలో అని ఆయన పేరు. అన్నిటి తలా అరవేలు పెద్దది.

గెన్‌లా ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చారు. గోడ ముందు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు. గాలిలో బొటనవేలూ చూపుడువేలూ సాచి ఒకదాన్ని కొలిచారు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అమ్మా. ఇది నీ తల" అన్నారు.

క్లాసు పోతుందని అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పలక తుడిస్తే పోతుంది. ఇది రంగు పోదు అమ్మా" అన్నారు. ఫుట్‌పాత్ మీద ఎంతమందికి ఎంత సంతోషంగా చెప్పి ఉంటారో ఆ మాట.

తర్వాత ఫియోనా ఆయన చేతికి మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమంది. కౌన్సిల్ వాళ్ళు, ట్రస్ట్ వాళ్ళు, వైను గ్లాసులతో నిలబడి ఉన్నారు. గెన్‌లా తనకొచ్చిన ఇంగ్లీషులో, "ఇది తప్పు. క్షమించండి" అన్నారు. రెండే మాటలు. హాలంతా ఆహా ఎంత వినయం అన్నట్టు నవ్వి, చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. గెన్‌లా మైకు పట్టుకుని నా వైపు చూశారు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను నేల చూశాను. అప్పుడు నోరు విప్పని నా పిరికితనం మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

క్లాసు నిలబడిందా అంటే, లేదు. ట్రస్ట్ వాళ్ళు బొమ్మలు చూసి మురిసిపోయి, ఇక వచ్చిన వాళ్ళందరికీ థాంకా చిత్రకారులని సర్టిఫికెట్లు ఇద్దామన్నారు. సంతకం పెట్టమని గెన్‌లా ముందు పెట్టారు. ఆయన పెట్టలేదు. నా సర్టిఫికెట్ కూడా ఉంది అందులో. "ఇంకా లూజు" అన్నారు నన్ను చూసి, నాకు కోపం రాలేదు. మూడు వారాల్లో మా శనివారం స్లాటు పిలాటీస్ అనే వ్యాయామం క్లాసుకు ఇచ్చారు. కొత్త చిత్రకారులను తయారుచేయడం అనే పని పూర్తయిందని రిపోర్టులో రాశారట. కళను రక్షించారు, కళ తెలిసిన మనిషిని బయటికి పంపించారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను చూడలేదు. చూస్తూ ఊరుకున్నదాన్ని నేనూ కాబట్టి నన్నూ కలిపే అంటున్నాను.

తర్వాత నాలుగేళ్ళు ఆయన గదికే వెళ్ళాను. కెబాబ్ టేక్‌అవే కొట్టు పైన ఒక గది, ఒక కిటికీ, కిటికీ కింద పలక. మా ఆయన ప్రతివారం, "యాడికి పోతాండావు మళ్ళా? ఇన్నేండ్లయినా ఒగ బొమ్మ ఇంటికి తేలేదే" అనేవారు. సర్జరీ డ్యూటీల పట్టీలో శనివారం పడితే ఎవరినో బతిమాలి మార్చుకునేదాన్ని. గది మారినా పాఠం మారలేదు. ఒక కొస ఆయన, రెండో కొస నేను, టప్. గీయడం, తుడవడం. కింద టేక్‌అవే వాడి కుండీలో పుదీనా ఉండేది, నీళ్ళు దానికి. మూడో ఏడాది దాటాక ఒక శనివారం నా ముఖం గీతలు చూసి ఆయన గుడ్డ తీసుకోలేదు. కాసేపు చూస్తూ కూర్చుని, "మంచి మాల్" అన్నారు. తర్వాత తుడిచేశారు. నేను ఇంటికెళ్ళే బస్సులో ఏడ్చాను.

పోయిన జనవరిలో ఆయన హాస్పిటల్లో చేరారు. చూడ్డానికి వెళ్తే, ఊపిరి అందక మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నారు. ఇంట్లో గీస్తున్నావా అని అడిగారు. గీస్తున్నానన్నాను.

"రెండో కొస ఎవరు?"

అబద్ధం చెప్పలేకపోయాను. వంటింటి సొరుగు పిడికి కడుతున్నానని చెప్పాను. గట్టిగానే ఉంటుంది, గీత బాగానే పడుతుంది అన్నాను.

ఐదేళ్ళలో మొదటిసారి ఆయన నా మీద కోప్పడ్డారు. దుప్పటి పక్కకు తోసి లేవబోయారు. "పిడికి కట్టకు. మేకుకి కట్టకు" అన్నారు. దగ్గు వచ్చింది. నర్సు వచ్చి ఇక చాలు అంటున్నా వినకుండా నా మణికట్టు పట్టుకున్నారు. "మేకు నేర్చుకోదు అమ్మా."

ఫిబ్రవరిలో పోయారు. నేను మార్చిలో, ఏప్రిల్లో కూడా పిడికే కట్టాను. ఇంకెవరికి ఇస్తాను! మా ఆయనకు నడుము నొప్పి. పిల్లవాడు ఫోన్లో "సౌండ్స్ లవ్లీ, అమ్మా" అంటాడు.

ఇదిగో, మే నెలలో ఆ కాగితం నా చేతికొచ్చింది. ఆయన గీసినవి, నేను ఆయన ముందు గీసినవి, వందల ముఖాలు పొదలోకీ పుదీనాలోకీ వెళ్ళిపోయాయి. ఇంతమంది కలిసి పరిరక్షించినది ఒకే ఒక్కటి, ఆయన తప్పని చెప్పి తుడిచేసినది. దాని మీద ఆయన పేరు. ఆ పనికి సరుకు అందించింది నేను. కాగితాన్ని బోర్డుకు గుచ్చలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, పక్కన సుద్దసంచీ పెట్టుకున్నాను, అందులో రాసినట్టు ఆ శనివారం మా పాత హాలుకు వెళ్ళాను.

ముప్ఫై మంది దాకా ఉన్నారు. బల్లల మీద స్కెచ్ పెన్నులు, బిస్కెట్లు, నా బుద్ధుడి ప్రింట్లు. ఒక బల్ల మీద గెన్‌లా బ్రష్షులు, జిగురు గిన్నె, ఒక నల్లపలక వరసగా పెట్టి, ముట్టుకోవద్దని చీటీ రాసి పెట్టారు. ఫియోనా నన్ను చూడగానే వచ్చి కౌగిలించుకుంది. జుట్టు నెరిసింది పాపం. "మీరొక్కరే చివరిదాకా ఉన్నారు, మీరు మాట్లాడాలి" అని మైకు చేతిలో పెట్టింది.

ఈసారి చెప్పాను. "ఇది తప్పు. ఈ బొమ్మలో తల పెద్దది. గీసింది ఆయన కాదు, నేను. ఆయన తుడిచేశారు. నేను దొంగచాటుగా దాచి వీళ్ళకు ఇచ్చాను. ఆ రోజు ఆయన ఇది తప్పు అన్నది వినయంతో కాదు, తప్పు కాబట్టి అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు."

వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

"కొట్టకండి!" అని అరిచాను. మైకు కీచుమంది. సర్జరీలో ఎంత గొడవ చేసే పేషెంటు మీదా నేను అలా అరవలేదు.

ఫియోనా ముఖం ఎర్రబడింది. దగ్గరికొచ్చి, నెమ్మదిగా, "మీ బాధ అర్థమవుతుంది. కానీ చూడ్డానికి బాగుంది కదా, తేడా ఎవరికి తెలుస్తుంది?" అంది. బ్యాగు భుజాన వేసుకున్నాను. అందరూ తలలు దించుకుని మళ్ళీ రంగులు మొదలుపెట్టారు.

తలుపు పక్క బల్ల దగ్గర ఒక పంజాబీ ఆవిడ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పని కాబోలు, మెరిసే పసుపు కోటు విప్పకుండానే కూర్చుంది. ఆమె ముందున్న బుద్ధుడికి సగం ముఖం రంగు పడింది. పెన్ను మూత పెట్టేసి, కాగితాన్ని దూరంగా పెట్టి చూస్తోంది, దగ్గరగా పెట్టి చూస్తోంది. నేను దాటిపోతుంటే హిందీలో అడిగింది.

"ఎక్కడ తప్పు, బెహన్‌జీ? నాకు కనిపించట్లేదు. చూపించండి."

ఐదేళ్ళు. పదిహేడు మంది, ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక ట్రస్ట్, ఒక కౌన్సిల్, అంత వైను. ఎక్కడ తప్పు అని ఒక్కరు అడిగారు.

తిరిగి వెళ్ళి, ముట్టుకోవద్దు అని చీటీ ఉన్న బల్ల మీంచి నల్లపలక తీసుకున్నాను. ఫియోనా చూసింది. పంజాబీ ఆవిడ బల్ల మీద బిస్కెట్లు పక్కకు జరిపి పలక పెట్టాను. సంచీలోంచి దారం తీసి, ఒక కొస నేను పట్టుకుని రెండోది ఆమెకు చాచాను. పట్టుకుంది. నేను లాగి వదిలాను. రెండు గీతలు పడ్డాయి, పక్కపక్కనే, మసకగా.

"లూజు" అన్నాను. బొటనవేలి గోరు కింద ఎలా బిగించాలో చూపించాను. మోచెయ్యి ఒంటికి అదమమన్నాను. ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి తుడిచాను, మళ్ళీ కొట్టాను. ఇంకా రెండే. మళ్ళీ తుడిచాను. అయిదోసారో ఆరోసారో టప్ మని ఒకటే పడింది. ఆవిడ వంగి దాన్ని వేలితో చూపించబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పాను. ఎందుకని అడగలేదు, అలాగే ఉంచింది.

గళ్ళు పూర్తి చేసి, గడ్డం నుంచి నుదుటి దాకా కొలత పెట్టి, పక్కన ప్రింటు పెట్టి చూపించాను. అరవేలు. ఆమె ప్రింటు చూసింది, పలక చూసింది. "హాఁ" అంది. "ఇప్పుడు కనిపించింది. ఇక అది చూడబుద్ధి కావట్లేదు" అని, సగం రంగు వేసిన కాగితాన్ని బోర్లా తిప్పేసింది.

పలక తుడిచి, గుడ్డ పిండిన నీళ్ళగిన్నె తీసుకుని ఆమె సింకు వైపు వెళ్ళబోయింది. అటు కాదన్నాను. ఇద్దరం బయటికి వెళ్ళాము. గులాబీ పొద ఎప్పుడో పీకేసి అక్కడ చెత్తడబ్బాలు పెట్టారు. కంచె వారగా కాస్త గడ్డి ఉంటే అక్కడ పోయించాను. రెండింటికి తనకు షిఫ్టుందని, బస్సు పట్టుకోవాలని చెప్పి, కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగింది.

"వచ్చే శనివారం ఇక్కడే ఉంటారా?"

ఆ హాలు ఎవరి పేర బుక్కయి ఉందో, ఎవరి పిలాటీస్ ఉందో నాకు తెలియదు. ఉంటానన్నాను.